ఉస్తాద్ గుంజని భుజం

నాచారంలో భుజం జారినవాళ్లు రెండు రకాలు: దవాఖానాకు పోయేవాళ్లు, బుచ్చిరాములు దగ్గరికి పోయేవాళ్లు. రెండో రకమే ఎక్కువని బుచ్చిరాములు నమ్మకం. లెక్క ఎవరూ కట్టలేదు కనుక కాదనేవాళ్లూ లేరు. పడుచుతనంలో తాలీంలో కుస్తీ పట్టిన మనిషి, అక్కడి పెద్దల దగ్గర పట్లతో పాటు జారిన కీళ్లు ఎక్కించడం కూడా నేర్చుకున్నాడు. ఇప్పుడు మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. గేటు దగ్గర ఎవరేమని పిలిచినా బస్తీలో మాత్రం అందరికీ ఉస్తాదే. చేసిన పనికి పైసా ముట్టడు. ముట్టని పైసాకు బదులు కాస్త గర్వం పెంచుకున్నాడు, అంతే.

భార్య వెంకటనర్సమ్మ రోజూ సాయంత్రం మల్లాపూర్ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఫ్యాక్టరీల నుంచి షిఫ్టు దిగివచ్చేవాళ్లు ఆమె పొయ్యి చుట్టూ నిలబడి ఒకళ్ల భుజం మీదుగా ఒకళ్లు చెయ్యి చాపుతారు. ఆమె అరచెయ్యి పిండి మీద పడుతుంటే ఆ చప్పుడు విని వచ్చేవాళ్లున్నారు. మొగుడి వైద్యం మాట ఎత్తితే మాత్రం పెరటి చెట్టు మందుకు పనికిరాదు పోవయ్యా అని నవ్వేది. నడుం నొప్పి వచ్చినా మెడ పట్టేసినా అతని చేత తోమించుకునేది కాదు.

ఆ రోజు వాన వెలిసి గంట కూడా కాలేదు. నర్సమ్మ నీళ్ల బిందె చంకన పెట్టుకుని మోరీ మీది బండ దాటుతోంది. బండ పాకురు పట్టి ఉంది. కాలు జారింది. బిందె ఎటో పోయింది, కుడి చెయ్యి నేలకు ఆనించి దాని మీద పడింది.

బుచ్చిరాములు అప్పుడే డ్యూటీ దిగి టీ తాగుతున్నాడు. పరిగెత్తుకొచ్చి చూస్తే భుజం గుండ్రం పోయి చదునుగా ఉంది, చెయ్యి ఒళ్లుకు దూరంగా నిలబడిపోయింది. జారింది, సందేహం లేదు. రొట్టెల కోసం నిలబడ్డ లేత్ మిషన్ గిరిధర్, ఉస్తాద్ ఉండగా ఫికరెందుకు, జరగండి జరగండి అని జనాన్ని పక్కకు నెట్టాడు. గిరిధర్ కబడ్డీ ఆడతాడు. వాడి భుజం రెండుసార్లు ఎక్కించింది బుచ్చిరాములే. గోనెసంచులు పరిచి నర్సమ్మను పడుకోబెట్టారు. బుచ్చిరాములు తువ్వాల మడిచి ఆమె చంక కింద పెట్టి, చెప్పు విడిచి మడమ అక్కడ ఆనించి, ఆమె మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. అరిచినా ఆపకూడదు. మధ్యలో ఆపితే కండ బిగుసుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కీళ్లు ఎక్కించేవాళ్లకు చెవులు కాసేపు పనిచేయవు. నర్సమ్మ మొదట మూలిగింది. తర్వాత స్పష్టంగా, "ఆగు, ఆగయ్యా, ఇంకేందో అయితాంది" అంది. అందరూ అలాగే అంటారు. అతను ఆగలేదు.

ఎప్పుడూ వచ్చే టక్కుమనే చప్పుడు రాలేదు. చేతికి ఇంకేదో తెలిసింది. లోపల ఏదో దేనికో గీసుకున్నట్టు, ఎండుకొమ్మ మెలితిరిగినట్టు. నర్సమ్మ అరవడం మానేసి పెదవి కొరుక్కుంది. బుచ్చిరాములు మణికట్టు వదిలేసి మడమ వెనక్కి తీసుకున్నాడు.

ఉప్పల్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు అరుణకుమారి ముందుగా నర్సమ్మ వేళ్లు ఒక్కొక్కటే కదిలించమంది, మణికట్టు దగ్గర నాడి చూసింది, భుజం వెలుపలి పక్కన దూదితో తాకి తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోంది అంటే ఊపిరి వదిలి, నరం బాగానే ఉంది అంది. ఎక్స్‌రే తెప్పించి వెలుతురుకు పెట్టింది. చూసినవాళ్లకు డాక్టరు చదువు అక్కర్లేదు. బంతిలాంటి ఎముక తల గిన్నెలోంచి బయటికొచ్చి కింద ఒక మూలకు పోయి ఉంది. చేతి ఎముక దాన్నుంచి విడిపోయి వేరే దారిన ఉంది. పక్కన ఇంకో చిన్న ముక్క.

"ఎవరు లాగారు?" అని అడిగింది డాక్టరు.

కూతురు త్రివేణి అప్పటికే చెంగిచెర్ల నుంచి వచ్చి ఉంది. ఆమె తండ్రి వైపు చూసింది.

"నేనే మేడమ్," అన్నాడు బుచ్చిరాములు.

డాక్టరు గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. పెద్ద వయసులో కీలు జారితే ఎముక కూడా విరిగి ఉండొచ్చని, అందుకే ముందు ఎక్స్‌రే తీసిగాని చెయ్యి ముట్టుకోకూడదని చెప్పింది. లోపల సన్నని పగులు ఉంటే లాగినప్పుడు అది పూర్తిగా విడిపోతుంది. పడ్డప్పుడే ఇంత విరిగిందా, లాగడంతో విరిగిందా అని త్రివేణి అడిగితే, అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అంది. ఆ మాట బుచ్చిరాములుకు శిక్షకంటే ఎక్కువైంది. తప్పు నీదే అంటే మోసేవాడు. కాదు అంటే దించుకునేవాడు. రెండూ కాకుండా అది చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆపరేషన్ చేసి బంతిని గిన్నెలో పెట్టి, ఎముకకు ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. బస్తీలో ఆ సాయంత్రానికే మాట తిరిగింది: కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, ఉస్తాద్ వైద్యం.

కుట్లు విప్పిన మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి చాందిని ఇంటికొచ్చింది. రోజూ రాలేననీ, రెండుసార్లు నేర్పించి పోతాననీ, తర్వాత ఇంట్లోవాళ్లే చేయించాలనీ ముందే చెప్పింది. చిన్నపిల్లలాగే ఉంది గాని మాట ఖచ్చితం. మొదట నర్సమ్మను ముందుకు వంగి చెయ్యి వదులుగా వేలాడదీసి గడియారం లోలకంలా ఊపమంది. అది బాగానే జరిగింది. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి పెట్టి, జబ్బను మెల్లగా కప్పు వైపు ఎత్తి చూపించింది. నర్సమ్మ తనంతట తాను ఎత్తకూడదు. ఎముక ఇంకా అతుక్కోలేదు. పక్కవాళ్లే ఎత్తాలి, ఆమె చెయ్యి బరువంతా వాళ్లకు వదిలెయ్యాలి.

"ఈ రెండు మూడు వారాలే ముఖ్యం ఆంటీ," అంది చాందిని. "ఇప్పుడు ఎత్తకపోతే భుజం బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత చేసినా తల దువ్వుకునేంత కూడా లేవదు."

నర్సమ్మ తల దువ్వుకోవడం గురించి ఆలోచించలేదు. తన రొట్టెల పీట వైపు చూసింది. పీట గోడకు ఆనించి ఉంది, దాని మీద ఎవరో తువ్వాల ఆరేశారు.

త్రివేణి నాచారంలో బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. ఆదివారం దాకా సెలవు పెట్టి వచ్చింది. తల్లికి చెయ్యి ఎత్తే పని ఆమె మీదే పడింది. పిల్లకు ప్రేమ ఎక్కువ, ధైర్యం తక్కువ. తల్లి ముఖం కొంచెం ముడుచుకుంటే చాలు, చెయ్యి దించేసేది. చాందిని రెండోసారి వచ్చి చూసి, ఇది ఎత్తడం కాదు, ముద్దు చేయడం అంది. ఇంకెవరూ లేరా అని అడిగింది. గుమ్మం దగ్గర కూర్చుని ఉన్న బుచ్చిరాములు లేవబోయాడు.

అతను ఇంకా రెండడుగులు వేయలేదు, నర్సమ్మ కుడిభుజం చెవి దాకా లేచి అక్కడే బిగుసుకుంది. ఆమె లేపలేదు, అదే లేచింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఇంకా చెప్పాలంటే ఆమె సిగ్గుపడింది, తన ఒళ్లు తన మాట వినలేదని. చాందిని వేలితో ఆ భుజాన్ని తట్టి, వదలండి ఆంటీ, కిందికి వదలండి అంది. అది దిగలేదు. బుచ్చిరాములు వెనక్కి పోయి గుమ్మంలో కూర్చున్నాక దిగింది.

ఆ తర్వాత అతను ఆ గదిలోకి వచ్చినా ఎడమ పక్క నుంచే వచ్చేవాడు.

మిగతా పనుల్లో వాళ్లిద్దరి మధ్య ఏమీ చెడలేదు. అదే వింత. ఫ్యాక్టరీలో పొద్దుటి డ్యూటీ అడిగి మార్పించుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టేవాడు. రొట్టె చేస్తానని కూర్చున్నాడు. నర్సమ్మ మంచం మీంచి నీళ్లు మసలనియ్యి, పిండిల ఇప్పుడు పొయ్యి, ఇంకా పిసుకు అని చెబుతుంటే, నాకు తెల్వదా అనేవాడు. తెలియదు. రొట్టె అంచులు విచ్చుకుని, పెనం మీద వేసేలోపే మూడు ముక్కలయ్యేది. ఏ పహిల్వాన్ల మెడలు వంచినవయ్యా, పిండి ముద్ద వంగుతలేదు అని ఆమె నవ్వేది. నవ్వితే భుజం నొప్పి పుట్టి ఉష్ అనేది. ఆ ముక్కలే చింతపండు పచ్చడితో తినేవాళ్లు. ఎడమ చేత్తో తినడం ఆమెకు రాక తునకలు ఒళ్లో పడితే అతను ఏరేవాడు. ఆ ఏరేటప్పుడు కూడా కుడిచేతిని మోస్తున్న, మెడకు కట్టిన గుడ్డ సంచికి తన వేళ్లు తగలకుండా చూసుకునేవాడు.

త్రివేణి తండ్రితో అవసరమైతేనే మాట్లాడుతోంది. నీళ్లు కాగినయ్, గోలీలు తెచ్చినవా, అంతే. ఒకసారి మాత్రం గిన్నెలు తోముతూ, గీ బస్తోళ్లందరు నిన్ను ఉస్తాద్ ఉస్తాద్ అని మునగచెట్టు ఎక్కిచ్చిన్రు, పడ్డది మా అమ్మ అంది. అతను తోమిన గిన్నెలు అందుకుని బోర్లించాడు. మాట కరెక్టుగానే ఉంది.

శనివారం సాయంత్రం త్రివేణి పాలకు వెళ్లినప్పుడు అతను నర్సమ్మ మంచం పక్కన, ఎడమవైపు, కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. కడకు అడిగేశాడు. ఎక్స్‌రే ఫోటో తీపియ్యకుండ గుంజిన అని మనసుల పెట్టుకున్నవా, అన్నాడు.

నర్సమ్మ కప్పు వైపు చూస్తూ, ఫోటో సంగతి నాకేం తెల్సు, నీకేం తెల్సు, గది డాక్టరమ్మకు తెలిసే సంగతి అంది. ఆ మాటకు అతనికి కొంచెం ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు ఆమె తల తిప్పి అతని వైపు చూసింది.

"నేను ఆగమన్న," అంది. "నువ్వు ఆగలే."

అతను నోరు తెరిచాడు. అందరూ అలాగే అంటారని, ఆపితే కండ బిగుస్తుందని, పని పద్ధతే అదని చెప్పొచ్చు. ఇన్నేళ్లుగా చెప్పుకున్న మాటలే. వాటికి బదులు నీళ్ల గ్లాసు ఆమె ఎడమ చేతి దగ్గరికి జరిపాడు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎడమ చేత్తో తుడుచుకుంది. ఇన్నేండ్ల కాపురంలో నా మాట నీకు ఇనవడకపోవుడు గదొక్కసారే కాదనుకో, అని కొంచెం నవ్వబోయింది గాని నవ్వు కుదరలేదు. త్రివేణి పాల ప్యాకెట్లతో వచ్చింది. అతను లేచి బయటికి పోయి, పని లేకపోయినా కుళాయి దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం గిరిధర్‌ను మోసుకొచ్చారు.

కబడ్డీ కూతకు పోయి పట్టుబడి పడ్డాడట. భుజం జారడం ఇది మూడోసారి. వాడి అన్న నరేందర్ ఒక పక్క, ఆటవాళ్లు నలుగురు ఇంకో పక్క పట్టుకుని సందులోకి తెచ్చి బుచ్చిరాములు గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వాడి ముఖం పాలిపోయి ఉంది, కాళ్లకు గ్రౌండు మట్టి ఇంకా అంటుకునే ఉంది. చుట్టుపక్కల ఇళ్లలోంచి జనం వచ్చారు. నర్సమ్మ సంగతి ఎవరూ మరిచిపోలేదు. కానీ ఆమె సంగతి వేరు, పెద్దవయసు, ఆడమనిషి, ఖర్మ అలా ఉంది. గిరిధర్ సంగతి వేరు, ఇదే భుజం ఇదే ఉస్తాద్ రెండుసార్లు ఎక్కించాడు. జనం లెక్క అలా నడుస్తుంది. నడవడం తప్పు కూడా కాదు.

బుచ్చిరాములు వంగి చూశాడు. తాకకుండానే తెలిసింది. సులువైన కీలు, అలవాటైన కీలు. మోచెయ్యి మడిచి బయటికి తిప్పి కొంచెం గుంజితే చాలు, దానంతటదే పోయి కూర్చుంటుంది. చేతులు అప్పుడే తువ్వాల కోసం వెతుకుతున్నాయి. ఆ పని మీద అతనికి ఉన్న ఇష్టం ఎక్కడికీ పోలేదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తలవంచుకుని తిరిగిన మనిషికి ఈ ఒక్క టక్కుమనే చప్పుడు చాలు, బస్తీ మొత్తం మళ్లీ నెత్తిన పెట్టుకుంటుంది.

"మామా, సస్తున్న," అన్నాడు గిరిధర్. "గుంజు మామా. జల్ది గుంజు."

బుచ్చిరాములు వాడి వేళ్లు కదిలించమన్నాడు. కదిలాయి. భుజం వెలుపలి పక్కన చూపుడువేలితో తాకి తెలుస్తోందా అన్నాడు. తెలుస్తాంది గుంజు అన్నాడు వాడు పళ్లు బిగించి. బుచ్చిరాములు తువ్వాల అందుకున్నాడు. మడిచి చంక కింద పెడతాడని అందరూ చూస్తుంటే దాన్ని పొడవుగా పరిచి, చెయ్యి ఎలా ఉందో అలాగే, ఒక్క వేలు కూడా జరపకుండా, ఛాతీకి కట్టాడు. చంకలో ఖాళీ ఉన్నచోట ఇంట్లోంచి దిండు తెప్పించి పెట్టాడు.

"ఆటో పిలువున్రి. దవాఖానాకు పోదాం," అన్నాడు. "ఫోటో తీసినంక ఎక్కిస్తరు."

నరేందర్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. రెండుసార్లు ఏ ఫోటో తీసి ఎక్కించినవ్ అని అడిగాడు. పిల్లగాడు నొప్పికి సచ్చిపోతుంటె సూస్కుంట కూసుంటవా అన్నాడు. ఇంట్లో ఒకటి చెడగొట్టుకున్నవని మా పాణం మీదికి తెస్తున్నవ్ అని కూడా అన్నాడు. అది అన్నాక వాడికే ఇబ్బందిగా అనిపించి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో నర్సమ్మ నిలబడి ఉంది, చెయ్యి సంచిలో, వెనక త్రివేణి.

బుచ్చిరాములు ఆ వైపు చూడలేదు. చూస్తే ఆమె కోసం చేస్తున్నట్టవుతుందని కాబోలు. రెండుసార్లు గుంజింది గూడ తప్పే, బతికిపోయినం అని మాత్రం అన్నాడు. గిరిధర్ ఏడుస్తూ గుంజు మామా, నీ కాళ్లు మొక్కుత అంటూనే ఉన్నాడు. అది వినడం కష్టం. ఆ కుర్రాడి ప్రతి కేకా అతనికి చెవిలో పడింది, పడకుండా చేసుకునే విద్య ఆ పూట పనిచేయలేదు.

ఆటోలో వాడి పక్కన కూర్చుని మోచేతిని తన రెండు అరచేతుల్లో పెట్టుకున్నాడు. నాచారం నుంచి ఉప్పల్ దాకా రోడ్డు సంగతి తెలిసిందే. గుంత వచ్చిన ప్రతిచోటా అతను తన ఒళ్లు కదలనిచ్చి చేతులు కదలనివ్వలేదు. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. ఉప్పల్ చౌరస్తా దాటి, పని నిలిచిపోయిన ఫ్లైఓవర్ స్తంభాల పక్కన బండ్లు ఆగిపోయినప్పుడు గిరిధర్ బూతులు తిట్టాడు. అతన్నే తిట్టాడు. తిట్టు బిడ్డా, కదలకు అన్నాడు బుచ్చిరాములు.

ఒక సంగతి ఉంది, అది అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఆటోలో సగం దూరం పోయాక, ఎముక విరిగి ఉంటే బాగుండునని అనిపించింది. చిన్న పగులు, వెంట్రుకంత, ఎక్స్‌రేలో నల్లగా కనబడితే చాలు. గుంజకపోవడమే కరెక్టని నరేందర్ నోరు మూతపడుతుంది, త్రివేణి మళ్లీ నాయినా అని పిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చిన వెంటనే తన ఒళ్లో ఉన్న చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి, ఛీ అనుకుని, పట్టు ఇంకా మెత్తగా చేసుకున్నాడు.

ఎముక విరగలేదు.

అరుణకుమారి ఆ రోజు లేదు. డ్యూటీ డాక్టరు సుధీంద్ర కుర్రవాడు, ఎక్స్‌రే చూసి, బోన్ అంతా బాగుంది, ఉత్తి జారడమే అన్నాడు. సూది ఇచ్చి, గిరిధర్ మగతలో ఉండగా మాటలు చెబుతూనే చెయ్యి తిప్పి ఎక్కించేశాడు. టక్ అని వినిపించింది. ఆ చప్పుడు బుచ్చిరాములు తలుపు బయట నిలబడి విన్నాడు. ఇలా మూడుసార్లు జారిందంటే లోపల చిరిగి ఉంటుందని, పెద్ద డాక్టరుకు చూపించి స్కాన్ తీయించుకోమని సుధీంద్ర చెప్పాడు. నరేందర్ అది సరిగా వినలేదు. వాడు విన్నది ఒక్కటే: ఉత్తి జారడమే.

తిరిగి సందులోకి వచ్చాక, నలుగురూ ఉన్నచోట నరేందర్ అన్నాడు. గంటన్నర పిల్లగాణ్ని ఏడిపించి దవాఖానాకు తోల్కపోతే ఆ డాక్టరు పిల్లగాడు చిటికెల ఎక్కించిండు, మన ఉస్తాద్‌కు చేతులు పడిపోయినయ్ ఇగ అన్నాడు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన, భయం పట్టుకున్నది పాపం అన్నాడు. జాలిపడ్డాడు. నవ్వు కంటే అదే ఎక్కువ తగిలింది. బుచ్చిరాములు అవునన్నట్టు తలూపి ఇంటికి నడిచాడు.

మాట అతని కంటే ముందే ఇల్లు చేరింది. త్రివేణి తలుపు తీసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పెట్టి, తండ్రి వైపు ఒకసారి నిదానంగా చూసింది. నర్సమ్మ చాప మీద గోడకు ఆనుకుని ఉంది. ఎండ గడప మీంచి ఇంకా పోలేదు.

అతను కాళ్లు తుడుచుకుని ఎడమ పక్క నుంచి వచ్చి కూర్చున్నాడు.

"బొక్క ఇరగలేదంట గదా," అంది ఆమె.

"ఇరగలే."

"మరి నువ్వు గుంజితె ఎక్కుతుండెనా?"

అతను అబద్ధం చెప్పొచ్చు. అది నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. "ఎక్కుతుండె," అన్నాడు. "ఒక్క గుంజుడుకే ఎక్కుతుండె."

నర్సమ్మ తలాడించింది. పక్కింటి వాళ్ల కుక్కర్ కూత వేసింది, మళ్లీ వేసింది. వాడు మస్తు అరిసిండు, ఈడిదాక ఇనవడ్డది, అంది. మస్తు తిట్టిండు గూడ అన్నాడు అతను. వాడు గుంజు గుంజు అని నీ కాళ్లు మొక్కితె గూడ నువ్వు గుంజలే అంది ఆమె. అడిగినట్టు అనలేదు. చూసిన సంగతిని తనకు తాను మళ్లీ చెప్పుకున్నట్టు అంది. బుచ్చిరాములు చాప అంచు పీచు గోటితో లాగుతూ కూర్చున్నాడు.

త్రివేణి దిండు తెచ్చింది. రేపటి నుంచి డ్యూటీ, ఈ పూటన్నా సరిగా చేయిస్తానమ్మా అంది. నర్సమ్మ సంచిలోంచి చెయ్యి జాగ్రత్తగా తీయించుకుని వెల్లకిలా పడుకుంది. మోచెయ్యి కింద దిండు పెట్టించుకుంది. కూతురు మోకాళ్ల మీద కూర్చోబోతుంటే వద్దంది.

"నువ్వు లేవ్వే. మీ నాయిన వట్టుకుంటడు."

త్రివేణి తల్లిని చూసింది, తండ్రిని చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. పోయి గిన్నెలేవీ చప్పుడు చేయలేదు.

బుచ్చిరాములు కదల్లేదు. తనతో కాదన్నాడు. తన చేతులు సరైనవి కావన్నాడు. భయమైతాంది అని కూడా అన్నాడు, ఆ మాట ఆమె ముందు అనడం అదే మొదలు. నాకు గూడ భయమే, ఇద్దరం భయపడుకుంట చేద్దాం రా అంది నర్సమ్మ. అటు కాదు, ఇటు పక్కకు రా అంది.

అతను లేచి ఆమె తల వెనక నుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే ఆ భుజం లేచింది, చెవి దాకా. ఇద్దరూ దాన్ని చూశారు. అతను చేతులు తన తొడల మీదే ఉంచుకున్నాడు. ఎంతసేపో అలాగే ఉంచుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసి నోటితో వదిలింది, చాందిని చెప్పినట్టు. భుజం కొంచెం దిగింది. మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. అప్పుడు ఒక అరచెయ్యి మోచెయ్యి కింద, ఇంకోటి మణికట్టు కింద పెట్టాడు. ఎత్తలేదు. బరువు తెలిసేదాకా ఉత్తగా పట్టుకున్నాడు. ఆమె చెయ్యి సన్నబడింది. ఇన్నాళ్లూ రొట్టె కొట్టిన చెయ్యి ఇంత తేలికవుతుందని అతను అనుకోలేదు.

బరువు మెల్లమెల్లగా అతని చేతుల్లోకి వచ్చింది. అప్పుడు ఎత్తాడు.

జానెడు లేచాక ఆమె ముఖం ముడుచుకుంది. పెదవి కదలకముందే అతను ఆగాడు. దించలేదు, ఎత్తలేదు, అక్కడే పట్టుకున్నాడు. ఆమె కళ్లు తెరిచి అతన్ని చూసింది. అతని నుదుటి మీద చెమట పట్టింది, పట్టు మాత్రం వణకలేదు. ముడుత విప్పుకుంది. ఇంకొంచెం ఎత్తాడు. మళ్లీ ఆగాడు. చాందిని చూపించిన చోటికి, త్రివేణి ఒక్కరోజు కూడా చేర్చని చోటికి ఇంకా చాలా దూరం ఉంది.

ఆగాలా అని అడిగాడు, గొంతు బయటికి రాకుండా.

"ఆగమనుడు నాకు రాదా?" అంది నర్సమ్మ. "నేను చెప్పేదాక పోనియ్యి."

అతను మళ్లీ ఎత్తడం మొదలుపెట్టాడు.